కంటికి ఆనని పెట్టెలు

గేలెన్ హోయర్ కాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే మోకాలు ఆడేది, నిలబడితే మడమ నేలను తడుతూ ఉండేది. బట్టలుతికే మిషన్లూ ఫ్రిజ్జులూ బాగుచేయడం అతని పని. పగలంతా వ్యానులో మొక్కజొన్న చేల మధ్య ఊరూరూ తిరుగుతాడు కాబట్టి పగలు ఆ కాలికి ఇబ్బంది లేదు. సాయంత్రాలతోనే చిక్కు. "ఆ కాలన్నా ఆపు, లేదా దాన్ని బయట పెట్టన్నా రా," అనేది భార్య కోనీ, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

గురువారాలు మాత్రం కోనీకి ఆ బాధ ఉండేది కాదు. గురువారం సాయంత్రం అతను నార్బర్ట్ జెలినెక్ ఇంటికి రైళ్లు నడపడానికి వెళ్లిపోయేవాడు.

నార్బర్ట్ డెబ్బై దాటిన మనిషి. సీడర్ రాపిడ్స్ ధాన్యం గోదాముల్లో తనిఖీదారుగా చేసి రిటైరయ్యాడు. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని ఒక్క చూపు చూసి, ఇందులో పుచ్చు ఎంత, తాలు ఎంత, వేరే పొలం గింజ ఎక్కడ కలిసింది చెప్పేసేవాడని ఆ చుట్టుపక్కల పేరు. ఆ కన్నుతోనే ఇంటి నేలమాళిగలో ఏళ్ల తరబడి ఒక బుల్లి రైలుమార్గం కట్టుకుంటూ వచ్చాడు. గోడల వెంట నడుమెత్తు బల్లలు, వాటిమీద పట్టాలు, పెట్టెలు నిలిపే ఒక యార్డు, మూడు ఊళ్లు, ఊరికో ధాన్యం గోదాము. ఎండాకాలంలో దిగినా మంచు కురిసేటప్పుడు దిగినా కింద ఎప్పుడూ 1952 అక్టోబరే. కోతలు అయిపోవస్తుంటాయి, గోదాముల ముందు ఖాళీ పెట్టెలు కావాలని తొందరపెడుతుంటారు.

కొత్తగా చూడవచ్చినవాళ్లు కాస్త నిరాశపడేవారు. వెండిలా మెరిసే ప్యాసింజరు బండ్లుంటాయని వస్తారు. ఇక్కడ ఉన్నవన్నీ గూడ్సు పెట్టెలు. అందులోనూ ముప్పావు వంతు ఒకే జేగురు రంగు, పైన ఇంజను మసి, కింద దుమ్ము. ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదనిపిస్తుంది. దగ్గరికి వంగితే తెలుస్తుంది. ఒకదాని పైకప్పు రేకు మడతలు వేరు, ఒకదాని తలుపు వేరు, ఒకదానికి నిచ్చెన మెట్టు ఒకటి వంగి ఉంటుంది, ఒకదానికి పాత రంగు మీద కొత్త నెంబరు పడి చుట్టూ ముదురు చదరం మిగిలి ఉంటుంది. ఇంత శ్రమా ఎవరూ వంగి చూడకుండా ఉండడానికే.

"బండి పోతుంటే బండిని చూడాలి," అనేవాడు నార్బర్ట్. "మధ్యలో ఒక పెట్టె దగ్గర నీ కన్ను ఆగిందంటే, అది చేసినవాడు తప్పు చేశాడన్నమాట."

ఆ లెక్కన గేలెన్ చేసినవన్నీ తప్పులే. అతని చెయ్యి కూడా కాలు లాంటిదే, వదిలిపెట్టదు. పెట్టె పూర్తయ్యాక ఇంకొంచెం తుప్పు పెడతాడు, తలుపు మీద సుద్దముక్క రాతలు రాస్తాడు, ఒక మూల నొక్కు పెడతాడు. తెచ్చి పట్టాల మీద పెడితే అది మిగతావాటి మధ్య చెయ్యెత్తి పిలుస్తున్నట్టుండేది. నార్బర్ట్ చూసి, "బాగుంది. ఇంటికి తీసుకెళ్లి అలమరలో పెట్టుకో," అనేవాడు. ఇన్నేళ్లలో గేలెన్ చేసిన ఒక్క పెట్టె కూడా నార్బర్ట్ బండిలో చేరలేదు.

గురువారాల్లో మూడోవాడు ట్రూమన్ బాచ్. ఇళ్లకు గ్యాసు లారీ తోలే మనిషి, నోరు కుదురుండదు. ఒకసారి అతనే అడిగాడు. "ఇన్ని పెట్టెల్లో మీకు బాగా నచ్చింది ఏదండీ, పెద్దాయనా?"

"ఒకటుంది," అన్నాడు నార్బర్ట్. "చెప్పను. చెప్తే ఇక మీరు దాన్నే చూస్తారు. దాన్ని పాడుచేసినట్టే."

నవంబరులో ఒక గురువారం, మధ్యలో బండ్లు ఆపి అందరూ కాఫీకి పైకి వెళ్లారు. నార్బర్ట్ భార్య ఆర్లీన్ ఎండు రేగుపళ్ల గుజ్జు పెట్టి కొలాచీలనే తీపి రొట్టెలు చేసింది. గేలెన్ తన రొట్టె రెండు కొరుకుల్లో మింగేసి, కాఫీ సగంలో వదిలి, ముందుగా కిందికి దిగిపోయాడు. యార్డు చివర రాక్ ఐలాండ్ రైలు కంపెనీ పేరున్న పెట్టె ఒకటి నిలబడి ఉంది. అందరిలాంటి జేగురు పెట్టె. దాని అడుగున బ్రేకు గొట్టాలు ఎలా అమర్చాడో చూద్దామని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పుతుండగా చేతికున్న వెన్న జిడ్డుకు జారింది. పట్టుకోబోయాడు. వేళ్లు తగిలి అది ఇంకాస్త దూరం ఎగిరి సిమెంటు నేలమీద పడింది.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. పైకప్పు ఒకవైపు, ఒక పక్క గోడ ఇంకోవైపు. నిచ్చెన మెట్లు చీమల్లా చెల్లాచెదురయ్యాయి. మెట్ల మీద ట్రూమన్ బూట్ల చప్పుడు వినపడింది. గేలెన్ ఆలోచించలేదు. ముక్కలు ఊడ్చినట్టు చేతిలోకి తీసుకుని కోటు జేబులో వేసుకున్నాడు. తలెత్తేసరికి నార్బర్ట్ కూడా దిగి వచ్చి, ఎప్పటిలాగే, "ఎక్కడున్నాం? ఇంజను దగ్గర్నుంచి నెంబర్లు చదవండి, పైకి వినపడేలా," అన్నాడు.

ఆ చదివించడం వేసవి నుంచీ మొదలుపెట్టిన కొత్త పద్ధతి. అసలు రైల్వేలో అలాగే చేస్తారని అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. గేలెన్‌కు ఆ సంగతి ఆ క్షణంలోనూ తెలుసు. కానీ ఒకటే అనుమానం అడ్డం పడింది. నచ్చిన పెట్టె ఇదేనేమో.

ఇంటికొచ్చాక ముక్కలు వంటగది టేబుల్ మీద పరిచాడు. అతికే పని కాదు. గోడ నిలువునా చీలింది. అలాంటిదే ఇంకోటి చెయ్యాలనుకున్నాడు. అదే నెంబరు, అదే రంగు, అదే మసి. పని చేసుకునే గదిలో, మోటార్లూ బెల్టుల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. పగుళ్లు లేని పక్కను ముందు పెట్టుకుని దాన్ని చూస్తూ చేశాడు. రంగు కలిపితే ఎరుపు ఎక్కువయ్యేది, మళ్లీ కడిగేవాడు. నీటిలో తడిపి అంటించే అక్షరాలు ఒకటి వంకరపోతే అన్నీ గీకేసి మొదటికొచ్చేవాడు. పూర్తయ్యాక చెయ్యి అలవాటుగా తుప్పురంగు కుంచె అందుకుంది. ఈసారి కుంచె కింద పెట్టి, గదిలోంచి బయటికి వచ్చి, ఇంటి చుట్టూ మంచులో తిరిగాడు.

"ఏమైంది నీకు? కుక్కలా ఆ తిరుగుడేంటి?" అంది కోనీ తలుపు దగ్గర నిలబడి.

"ఒక పని వదిలెయ్యడానికి ప్రయత్నిస్తున్నా."

"వదిలేస్తే లోపలికి రా. చలి లోపలికి కొడుతోంది."

తర్వాతి గురువారం అందరికంటే ముందు వెళ్లి, ఆర్లీన్ కాఫీ పెడుతుండగా కిందికి దిగి, ఆ పెట్టెను యార్డు చివర నిలబెట్టాడు. ఆ సాయంత్రమంతా అతని మోకాలు బల్లకు తగిలి సిగ్నలు స్తంభాలు వణికాయి. నార్బర్ట్ ఆ పెట్టెను ఇంజనుకు తగిలించాడు, గోదాముకు పంపాడు, తిరిగి తెచ్చాడు. ఏమీ అనలేదు.

గేలెన్ గుండెలమీంచి బరువు దిగింది. ఆ తేలిక ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. దారిలోనే ఇంకో ఆలోచన పట్టుకుంది. నిజంగా గుర్తుపట్టలేదా? అంటే తను అంత బాగా చేశాడా? ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోడానికి లేదు. చేసిన వాటన్నిట్లో ఒక్కటంటే ఒక్కటి కుదిరింది, అది దొంగతనంగా పెట్టినది.

వారాలు గడిచాయి. క్రిస్మసు దగ్గర పడింది. గేలెన్‌కు నిలకడ పోయింది. నార్బర్ట్ గుర్తుపట్టి తమాషా చూస్తున్నాడేమో అని ఒకరోజు, అసలు ఆ కన్ను గురించిన గొప్పలన్నీ ఉత్తవేనేమో అని ఇంకోరోజు. చివరికి పరీక్ష పెట్టాడు. రెండేళ్ల కిందట నార్బర్ట్ నవ్వి వెనక్కి పంపిన తన పాత పెట్టె, తుప్పు మరకలు, సుద్ద రాతలతో ఉన్నది, తెచ్చి బండి మధ్యలో పెట్టాడు. ట్రూమన్ దాన్ని చూసి గేలెన్ వైపు కనుబొమలెగరేశాడు. నార్బర్ట్ దాని పక్కనుంచే నడిచాడు. చెయ్యి పెట్టి దాన్ని పక్క పెట్టెకు కలిపే కప్లింగ్ కూడా విడదీశాడు. ఏమీ అనలేదు.

ఆ రోజే జరిగింది. ట్రూమన్ ఎక్కడో అంగట్లో కొన్న నారింజ రంగు పెట్టె ఒకటి తెచ్చాడు, సరదాకి. దాన్ని దీపం కింద పట్టుకుని, "పెద్దాయనా, ఇదీ ఉండనివ్వండి బండిలో. పాపం, ఒంటరిది," అన్నాడు.

నార్బర్ట్ నవ్వాడు. "అది గూడ్సు పెట్టెనా, పెళ్లికి తయారైన పిల్లనా? నీదే నయం. సరదాకి తెచ్చానని ఒప్పుకుంటావు. గేలెన్ చూడు, పదేళ్లయింది. పదేళ్లలో ఒక్కటి చెయ్యలేకపోయాడు నా బండిలో కూర్చోగలిగేది. చెయ్యి ఆగదు వాడికి. కాలూ ఆగదు. కూర్చోవయ్యా, బల్ల కదులుతోంది."

ప్రతిసారీ అనే మాటే. గేలెన్ ప్రతిసారీ నవ్వేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు.

"ఒకటి కూర్చుంది," అన్నాడు.

"ఏంటి?"

"మీ బండిలో నాది ఒకటి కూర్చుంది. నవంబరు నుంచీ. మీరే నడుపుతున్నారు."

ట్రూమన్ చేతిలో పెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నార్బర్ట్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "సరే, నవ్వించావు. ఈ గదిలో ఒక్క పెట్టె ఇటుది అటయినా నాకు తెలుస్తుందయ్యా."

"యార్డు చివర రాక్ ఐలాండ్‌ది. అది నేను చేసింది. మీది నా చేతిలోంచి జారి పగిలిపోయింది. భయపడి చెప్పలేదు. ఇంకోటి చేసి పెట్టాను."

"అది నాదే."

"కాదండీ."

"నాదని చెప్తున్నా కదా. అది నేను చేసిన రోజు ఎక్కడ కూర్చున్నానో కూడా చెప్పగలను."

గేలెన్ మెట్లెక్కి వ్యాను దగ్గరికి వెళ్లి పనిముట్ల పెట్టెలో దాచిన ముక్కలు తెచ్చాడు. అవి చూపించక్కరలేదని మెట్లు దిగుతుంటే ఒక్కసారి అనిపించింది. కానీ కాళ్లు ఆగలేదు. కాగితం మడత విప్పి బల్లమీద పోశాడు. నార్బర్ట్ వాటివైపు తల వంచలేదు. బల్ల అంచు వెంట చెయ్యి జరుపుకుంటూ యార్డు చివరికి నడిచి, వరసలో ఒక పెట్టెను అందుకుని దీపం కిందికి తెచ్చాడు.

"ఇదేనా? ఇదా నువ్వు చేసింది? ఈ పైకప్పు నాది. ఈ మసి నేను వేసింది. చూడు ట్రూమన్, నువ్వు చెప్పు."

ట్రూమన్ నోరు విప్పలేదు. గేలెన్ కూడా. నార్బర్ట్ చేతిలో ఉన్నది శాంటా ఫే అనే వేరే కంపెనీ పెట్టె. దాని పక్కగోడ నిండా తెల్లగా మ్యాపు బొమ్మ, దాని కింద లావుపాటి అక్షరాలు. రాక్ ఐలాండ్ పెట్టె ఇంకా యార్డులోనే, దాని పక్కన నిలబడి ఉంది.

ఆ మౌనం నార్బర్ట్‌కు అర్థమైంది. పెట్టె మీద బొటనవేలితో ఒకసారి రాశాడు, అక్షరాలు తగులుతాయేమో అన్నట్టు. తర్వాత దాన్ని బల్లమీద పెట్టాడు. పట్టాలమీద కాదు, పొలాల మీద. గోడ దగ్గరికి వెళ్లి కరెంటు స్విచ్చి తీసేశాడు. ఎక్కడి బండ్లు అక్కడ ఆగిపోయాయి.

"ఈ పూటకు చాలు," అన్నాడు. "ఆర్లీన్ కాఫీ పోస్తుంది, తాగి వెళ్లండి."

ఎవరూ కాఫీ తాగలేదు. బయట వ్యాను దగ్గర ట్రూమన్ చాలాసేపు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"పగలగొట్టావు, సరే. ఎవడైనా పగలగొడతాడు," అన్నాడు. "నా ముందు ఎందుకు చెప్పావు? ఆయన ఒక్కడున్నప్పుడు చెప్పలేకపోయావా?"

ఆ ప్రశ్న ఆ చలికాలమంతా గేలెన్ వెంట వ్యానులో తిరిగింది.

గురువారాలు ఆగిపోయాయి. ఫోను చేస్తే ఆర్లీన్ ఎత్తి, "పడుకున్నాడు బాబూ," అనేది. గేలెన్ పని ఉన్నా లేకున్నా ఆ వీధిగుండా వెళ్లేవాడు. నేలమాళిగ కిటికీ నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. లోపల దీపం వెలుగుతుండేది, బండి చప్పుడు మాత్రం ఉండేది కాదు. ఇంట్లో కోనీ కాలు సంగతి ఎత్తడం మానేసింది. దాంతో అతనికి ఇంకా కష్టమైంది.

ఫిబ్రవరిలో ఆర్లీనే ఫోను చేసింది. "బట్టలారబెట్టే మిషను గోల చేస్తోంది, వస్తావా?" అంది. వెళ్లి చూస్తే మిషను శుభ్రంగా ఉంది. గేలెన్ దాని వెనక రేకు విప్పి మళ్లీ బిగించాడు. ఆర్లీన్ వంటింటి తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు," అంది. "వేసవిలో ఒకరోజు పేపరు చదువుతూ, ఈ వెధవలు అచ్చు సరిగా వేయడం లేదన్నాడు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది. నాతో ఒట్టు వేయించుకున్నాడు, ఎవరితో అనొద్దని. పగలంతా గది గదికీ తిరుగుతాడు. నీ కాలు ఆయనకు అంటుకుంది నాయనా. నన్ను కారు తోలమంటే తోలుతాను, కానీ నేను తోలితే ఎక్కడు. నువ్వు తోలితే ఎక్కుతాడేమో."

"నా మొహం చూస్తారా?"

"చూడలేడుగా," అంది ఆర్లీన్. అన్నాక తనే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో గేలెన్‌కు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

కింద నార్బర్ట్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు బల్లమీద పెట్టెలన్నీ పట్టాలమీంచి తీసి వరసలు పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, పైకప్పు మీద వేళ్లు నడిపి, తలుపు తడిమి, ఇంకో వరసలో పెడుతున్నాడు. గేలెన్ అడుగుల చప్పుడుకు చెయ్యి ఆపాడు.

"ఆ మడమ నీదేనా?"

"నేనేనండి."

"ఏం పగలగొట్టడానికి వచ్చావు?"

"క్షమించమని అడగడానికొచ్చాను. పగలగొట్టినందుకు కాదు. ట్రూమన్ ముందు చెప్పినందుకు."

నార్బర్ట్ పెట్టె ఒకటి తీసి, చక్రం వేలితో తిప్పాడు. అది సన్నగా తిరిగి ఆగింది.

"ఇవన్నీ ఎందుకు తీశానో తెలుసా?" అన్నాడు. "నాకు నచ్చినదాన్ని వెతుకుతున్నా. ఆగస్టు నుంచీ కనపడలేదు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగను? జేగురు రంగుది, మామూలుది అనా? అన్నీ అవే. నెంబరు చెప్పి వెతికించుకోవచ్చు. అప్పుడు మీకు తెలిసిపోతుంది."

"నేను పగలగొట్టింది అదేనాండీ?"

"ముక్కలున్నాయా?"

ముక్కలు అక్కడే, ఆ రోజు పోసిన కాగితంలోనే ఉన్నాయి. నార్బర్ట్ పైకప్పు ముక్క తీసుకుని వేళ్ల మధ్య నలిపినట్టు తడిమాడు. గోడ ముక్క తడిమాడు. ఒకదాన్ని బుగ్గకు కూడా ఆనించి చూశాడు. అతని ముఖంలో ఏదైనా కనిపిస్తుందేమోనని గేలెన్ వంగి చూశాడు.

"తెలీడం లేదయ్యా," అన్నాడు చివరికి. "అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. చేసినప్పుడు కళ్లతో చేశాను కదా, చేతులకు గుర్తులేదు. నెంబరు చెప్పు అంటే చెప్తావు. చెప్పకు. అదే అయితే నిన్ను తంతాను. కాకపోతే అది ఇంకెక్కడుందా అని మళ్లీ వెతకాలి."

గేలెన్ చెప్పలేదు. ఆ నెంబరు అతనికి కంఠతా వచ్చు. దాన్ని ఒక్కో అంకే అంటించింది అతనే. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు, నార్బర్ట్ ఎప్పుడూ అడగలేదు.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి," అన్నాడు గేలెన్. "వ్యానులో. ముందు సీటు మీద సామాను తీసేస్తాను."

"ఆర్లీన్ పంపిందా?"

"మిషను గోల చేస్తోందని పిలిచింది."

"ఆ మిషనుకేం రోగం లేదు," అన్నాడు నార్బర్ట్. కాసేపు అలాగే కూర్చుని లేచాడు. టోపీ కోసం చెయ్యి చాచాడు.

అయోవా సిటీ ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా పట్టింది. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా చెప్పింది. కంటి మధ్యలో చూపు అరిగిపోతోంది. పోయింది తిరిగి రాదు. అంచుల్లో చూపు మాత్రం చాలాకాలం ఉంటుంది. నార్బర్ట్ తలూపుతూ విన్నాడు. గింజల తూకం మీద రైతుతో వాదన ఓడినవాడిలా ఉంది ముఖం.

తిరిగి వస్తుంటే దారిలో గేటు పడింది. గూడ్సు బండి పోతోంది, పొడుగుది. గేలెన్ ఇంజను ఆపేశాడు. పక్కన నార్బర్ట్ బండి వైపు తిరగకుండా, ముఖం పక్కకు పెట్టి కిటికీ అద్దం వైపు చూస్తున్నాడు. కోపం అనుకున్నాడు గేలెన్.

"నేరుగా చూస్తే నడిమధ్యలో మసక," అన్నాడు నార్బర్ట్, అలాగే పక్కకు చూస్తూ. "ఇలా చూస్తే పోతున్నాయి, కనపడుతున్నాయి. చూడకుండా ఉంటే కనపడుతుందన్నమాట. జీవితమంతా అలాంటివే చెయ్యమని మీ ప్రాణం తీశాను."

పెట్టెలు దడదడమని పోతూనే ఉన్నాయి.

"కాలు ఆపు. వ్యాను ఊగుతోంది."

"పెద్దాయనా, ఒక మాట. కంట్రోలు మీరు తీసుకోండి."

"ఏ కంట్రోలు?"

"అసలు రైల్వేలో కంట్రోలరు బండ్లను చూడడు కదా. ఎక్కడో గదిలో కూర్చుని ఫోనులో చెప్తాడు. మీరు పైన వంటింట్లో కూర్చోండి. కింద మేం నడుపుతాం."

"నా ఇంట్లో నన్ను మేడెక్కించి కూర్చోబెడతావా?" గొంతు పెరిగింది. "ముసలాళ్లకు పెట్టినట్టు కుర్చీ వేసి, దుప్పటి కప్పి? పోనివ్వు వ్యాను. గేటు లేచింది."

ఇల్లు చేరేదాకా ఇంకో మాట లేదు. గేలెన్ ఆ ఆలోచన అక్కడితో పోయిందనుకున్నాడు. కానీ జరిగిందంతా ఆర్లీన్ విని, ఏమీ అనకుండా, మర్నాడు గరాజులోంచి రెండు పాత ఫోన్లు తీసి తుడిచింది. ట్రూమన్‌ను పిలిచి తీగ లాగించింది. నార్బర్ట్ అరిచాడు. ఆమె వినలేదు. "నువ్వు కూర్చోకపోతే నేను కూర్చుంటా," అంది. "ముప్పై ఏళ్లు కాఫీ పోశాను. ఏ బండి ఎక్కడాగుతుందో నాకూ తెలుసు."

ఆ మాటకు కూర్చున్నాడు.

మార్చి చివర, మంచు కరిగి వీధులన్నీ బురదగా ఉన్న గురువారం మళ్లీ బండ్లు కదిలాయి. పైన వంటింటి టేబుల్ దగ్గర నార్బర్ట్, చెవికి ఫోను. పక్కన ఆర్లీన్ లావు పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాల్లో బండ్ల రాకపోకలు రాస్తోంది. కింద యార్డు గేలెన్‌ది, దారి ట్రూమన్‌ది.

నార్బర్ట్ పైన ఉండి కిందవాళ్లను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. నిమిషానికోసారి ఫోను మోగేది. ఆ ఖాళీ పెట్టెలు కదిలాయా? ఎందుకు కదల్లేదు? గోదాము వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఇంజను నీళ్లు పట్టుకుందా? గేలెన్ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కప్లింగ్, భుజంతో చెమట తుడుచుకుంటున్నాడు. "కళ్లున్నప్పుడే నయం," అన్నాడు ట్రూమన్ మెల్లగా. "పైనుంచి విన్నాను," అన్నాడు నార్బర్ట్ ఫోనులో.

బండి రెండో ఊరు దాటుతుండగా ఫోను ఆగిపోయింది. తర్వాత మెట్లమీద నెమ్మదిగా అడుగులు. కాలు జాపి మెట్టు వెతుక్కుంటూ నార్బర్ట్ దిగి వచ్చాడు. కూర్చోలేకపోయాడు.

"కంట్రోలు ఎవరు చూస్తున్నారండీ?" అన్నాడు ట్రూమన్.

"ఆవిడ. నాకంటే గట్టిగా ఉంది. వినండి ఆవిడ మాట."

బల్ల పక్కన నిలబడి, ముఖం గోడవైపు తిప్పుకుని, బండి వస్తుంటే విన్నాడు. జేగురు పెట్టెలు అతని చెయ్యి పక్కనుంచి ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అవి పోతుంటే అతని గడ్డం కొంచెం కొంచెం కదులుతోంది.

"ఆపు. ఒకటి టిక్కు టిక్కుమంటోంది. మధ్యలో ఎక్కడో. చక్రం వదులైంది."

గేలెన్ వంగి చూశాడు. "ఉంది. నా పెట్టె."

"ఏది? సుద్ద రాతలదా?"

గేలెన్ తలెత్తాడు. "అది మీకు తెలుసా?"

"కప్లింగ్ తీసినప్పుడు వేలికి తగిలింది ఆ తుప్పంతా. గరుగ్గా, ఇసక కాగితంలా. ఏమీ అనలేదు, ఎవరిదని అడిగితే నా సంగతి బయటపడుతుందని." నార్బర్ట్ గోడవైపు చూస్తూనే ఉన్నాడు. "తీసెయ్ దాన్ని."

గేలెన్ చెయ్యి పెట్టాడు. పైనుంచి ఆర్లీన్ గొంతు మెట్లగుండా దిగింది, ఫోను కూడా వాడకుండా. "బండి ఎందుకాగింది? వెనక ఇంకోటి వస్తోంది. ఎవరన్నా చెప్తారా, లేదా నేనే దిగాలా?"

ముగ్గురూ ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు, నార్బర్ట్ తన పద్ధతిలో, పక్కకి.

"వదిలెయ్, వదిలెయ్," అన్నాడు నార్బర్ట్ చెయ్యి ఊపుతూ. "టిక్కుమంటే టిక్కుమననీ. బండి కదిలించు ముందు."